చెమ్మ ఏ వైపుది

డులూత్‌లో కొండవాలు మీద ఇల్లు.
కింద సరస్సు. దాని గాలి
అడ్రసు తెలిసిన చుట్టంలా
తిన్నగా మన బేస్‌మెంట్‌కే వచ్చేది.

అక్టోబరులో నీ పరుపు కిందికి దిగింది.
గురక, అన్నావు. నీ నైట్ డ్యూటీలు, అన్నావు.
నేను సరే అన్నాను.
ఆ సరేకి ఎన్ని మెట్లున్నాయో
అప్పుడు లెక్కపెట్టలేదు. పదమూడు.

గ్యాస్ బిల్లు వచ్చిన రోజు
ఇద్దరం ఒకే కాగితం మీదికి వంగాం.
చాన్నాళ్ల తర్వాత తలలు అంత దగ్గరగా.
గోడలు కప్పిద్దాం, అన్నావు, కిందా, బయటా.
నాలో ఒక పాడు లెక్క మొదలైంది:
కింద వెచ్చబడితే
ఈ మనిషి ఇక పైకెందుకొస్తాడు?

ఆర్వో నియెమి వచ్చాడు. డెబ్బై దాటిన తాపీమేస్త్రి,
తాతలది ఫిన్లాండట,
మాటల్ని సిమెంటులా కొలిచి కలిపే రకం.
రాతిగోడని, సంతలో గేదెని కొనేవాడిలా,
అరచేత్తో తట్టి తట్టి చూశాడు.
తడి ఎటునించో తేలకుండా కప్పేస్తే
లోపల కుళ్లుతుందన్నాడు.
మూరెడు ప్లాస్టిక్ కాగితం గోడకి పరిచి
నాలుగంచులా టేపు వేశాడు.
రెండు రోజులు ఎవరూ ముట్టుకోవద్దు.
గోడవైపు చెమరిస్తే నేలతడి, వానతడి,
తూముల నేరం, వాలు నేరం.
గదివైపు చెమరిస్తే?
భుజాలెగరేశాడు. మనుషులది.

మూడోనాడు డ్యూటీ నించొచ్చి
బూట్లు విప్పకుండానే దిగాను.
నువ్వు గోడకేసి తిరిగి నిద్రలో.
ప్లాస్టిక్ మీద బొట్లు.
వేలితో గీస్తే చెరిగాయి. గదివైపే.
రాత్రంతా ఒక్కడివే వదిలిన ఊపిరి
పోయేదారి లేక
చల్లటిదాన్ని దేన్నో పట్టుకుని
నీళ్లయింది.
టేపు ఊడదీసి చూశాను.
గోడ పొడిగానే ఉంది, పాపం.
నూరేళ్ల రాయిని అన్యాయంగా అనుమానించాం.

పని మొదలైంది. నీ పరుపు పైకొచ్చింది.
తాత్కాలికంగా, అని రెండుసార్లు చెప్పావు.
కింద గులాబిరంగు నురగ అట్టలు, అతుకులకి టేపు,
దూలాల చివర సందుల్లో పిచికారీ నురగ:
పాలలా పొంగింది,
పొయ్యి కట్టేవాళ్లు లేక
పొంగినచోటే గట్టిపడింది.

బయట దేవదారు పలకలు ఒక వరస ఊడదీసి
చొక్కాకి కాజాలు కోసినట్టు బెజ్జాలు వేశారు.
గొట్టం పెట్టి ఊదింది, తుక్కుచేసిన పాత పేపర్లు.
బస్తాలోంచి గుప్పెడు తీసి చూశాను.
బూడిదరంగు దూది. అందులో సగం అంకె,
తోక తెగిన అక్షరం,
ఎవరి పెళ్లో, చావో, బీట్‌రూట్ ధరో.
అన్ని కబుర్లు మింగి
ఇల్లు ఒక్కసారిగా నోరు మూసుకుంది.
మంచు ఎత్తే బండి వచ్చిపోయిందని కూడా తెలియలేదు.
ఆ నిశ్శబ్దంలో, పక్కగదిలోంచి, నీ గురక.
నిజమే. గురకే.
ఇన్నాళ్లూ అది సాకనుకున్నాను.

ఆఖరి రోజు ఆర్వో వేడిని చూపించే కెమెరా తెచ్చాడు.
తెరమీద మన హాలంతా నేరేడుపండు రంగు.
కిటికీ మూల ఒక నల్లగీత;
అది తన పని కాదు, కిటికీలవాడిని పిలవమన్నాడు.
నువ్వు ఊరికే గోడమీద చెయ్యి ఆనించి తీశావు.
తెరమీద చెయ్యి ఉండిపోయింది,
ఐదు వేళ్లూ, పసుపు ముద్రలా.
చిటికెనవేలు ముందు పోయింది.
ఎంతసేపుంటుంది? అడిగాను.
గోడని బట్టి, అన్నాడు ముసలాయన,
డబ్బులు లెక్కపెట్టుకుంటూ.

ఇప్పుడు కింద వెచ్చగా ఉంది.
చెప్పులు లేకుండా నడవచ్చు.
నీ పరుపు మాత్రం మెట్ల మొదట్లో
గోడకి నిలబెట్టి ఉంది, పదిరోజులుగా.
అటు వెళ్లాలంటే ఒళ్లు పక్కకి తిప్పాలి.
నడుంనొప్పి, అన్నావు, మొయ్యలేను.
నేను సరే అన్నాను.

గ్యాస్ బిల్లు ఇంకా రాలేదు.